కొలత లేని పెట్టె

"నేటి నుంచి ఈ ప్రభుత్వం ప్రజల మాటను పరిశీలించదు. నమ్ముతుంది!"

ప్రజాఫిర్యాదుల శాఖామాత్యులు ఈ ప్రకటన చేయగానే మొదలైన చప్పట్లు, ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, మైకు సర్దుకునేదాకా ఆగలేదు. చప్పట్లు కొట్టినవారిలో ఎక్కువమంది ఆ శాఖ ఉద్యోగులే కనుక వారి ఆనందాన్ని శంకించే హక్కు ఎవరికీ లేదు. ఇంతకాలం ఫిర్యాదులను పరిశీలించవలసిన భారం వారిదే. ఆ భారాన్ని ఒక్క వాక్యంతో దించిన నాయకుడిని ఎవరు మాత్రం అభినందించరు?

"ఇకమీదట మీరు మా మెట్లెక్కనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని మా 'విశ్వాస వాకిలి' వెబ్‌సైటు తెరవండి. అందులో ఒక పెట్టె కనిపిస్తుంది. మీ బాధ అందులో రాయండి. ఎంతైనా రాయండి, ఎలాగైనా రాయండి. ఇదేమిటని అడిగే మొనగాడు మా సర్వర్‌లో లేడు!"

మంత్రిగారు తమ ప్రజాజీవితంలో పలికిన వాక్యాలన్నింటిలోనూ సాంకేతికంగా ఇంత ఖచ్చితమైనది మరొకటి లేదు.

వేదిక పక్కన తెర చాటున నిలబడి, వినిపిస్తున్న మాటలను చేతిలోని కాగితంతో పోల్చి చూసుకుంటున్నవారు మంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శి. ఉపన్యాసం రాసింది ఆయనే. శాఖలో అందరూ ఆయనను తథాస్తుగారంటారు. ఈ పేరు వెక్కిరింతగా పుట్టి, వాడుకలో నలిగి, చివరికి గౌరవవాచకంగా స్థిరపడింది. పైవారు ఏమన్నా ఆయన సరేనంటారు. 'కాదు' అనే మాట మీద ఆయనకు ద్వేషమేమీ లేదు. ఇంతవరకు దానితో అవసరం పడలేదు, అంతే.

దీనికొక కారణం ఉన్నది. మంత్రిగారి పేషీకి రాకముందు తథాస్తుగారు ఊరి చివర పాత రికార్డుల గోదాములో పనిచేశారు. అక్కడి దుమ్ము ఆయన బట్టలతోపాటు ఇంటికి వచ్చి ఆయన భార్య ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. పేషీకి వచ్చాక ఆమె దగ్గు తగ్గింది. మందుల వల్ల తగ్గిందని డాక్టరు, బట్టలు శుభ్రంగా ఉండటం వల్ల తగ్గిందని ఆమె అన్నారు. తథాస్తుగారు ఇద్దరితోనూ ఏకీభవించారు. మంత్రిగారు లోపల కుర్చీలో ఉన్నంతకాలం తాను తలుపు బయటి కుర్చీలో ఉంటారు. మంత్రిగారు లేచిన మర్నాడు తాను తిరిగి గోదాముకు పోవాలి. పేషీ ఉద్యోగాల నిబంధన అది.

ఆ మంత్రిగారి కుర్చీయే ఇప్పుడు ఊగుతోంది. పార్టీ అధినేత మంత్రివర్గాన్ని మార్చబోతున్నారని, ఎవరెవరు ఏం సాధించారో చూస్తున్నారని వినికిడి. మంత్రిగారు సాధించినవి ఏమున్నాయా అని పేషీ అంతా వెతికితే ఏమీ దొరకలేదు. అందుకే హడావుడిగా 'విశ్వాస వాకిలి' పుట్టింది. అది పరువు నిలిపితే కుర్చీ నిలుస్తుంది. కుర్చీ నిలిస్తే తథాస్తుగారి భార్య ఊపిరి నిలుస్తుంది.

సభ ముగిసి మంత్రిగారు పేషీకి వచ్చేసరికి వెబ్‌సైటు తయారుచేస్తున్న ఇంజనీరమ్మ ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. మంత్రుల ముందు నిలబడటం ఆమెకు ఎవరూ నేర్పినట్టు లేదు.

"సార్, ఎంతైనా రాయమన్నారట. ఆ పెట్టెకు కొలత పెట్టాలి."

"ఎందుకమ్మా?"

"లోపల దానికి ఇంత చోటని కేటాయించి ఉంటుంది. అంతకుమించి రాస్తే మిగిలింది పక్క గదిలోకి పొర్లుతుంది."

"పక్క గదిలో ఏముంది?"

"ఉత్తర్వులు."

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఫిర్యాదుల పక్కన ఉత్తర్వులు పెట్టమని నీకు ఎవరు చెప్పారు?"

"మీరే. ఆఫీసులో ఎలా ఉందో కంప్యూటర్లోనూ అచ్చం అలాగే ఉండాలి, లేకపోతే స్టాఫ్ తికమకపడతారు అన్నారు. మన ఆఫీసులో ఫిర్యాదుల సెక్షన్ పక్కనే ఉత్తర్వుల సెక్షన్. మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డు."

"తమరే సెలవిచ్చారు సార్," అన్నారు తథాస్తుగారు వినయంగా.

"మరి ఆఫీసులో ఇక్కడి కాగితాలు అక్కడికి పొర్లడం లేదే?"

"అక్కడ మనిషున్నాడు సార్. కాగితం ఇటు పడితే అటు విసిరేస్తాడు. సర్వర్‌కు అంత తెలివి మనం చెబితేనే వస్తుంది. బయటివాళ్ళు రాసింది ముందు కొలవాలి. అది ఫిర్యాదేనా, ఇంకేదైనానా అని చూడాలి. ఆ తరవాతే లోపలికి రానివ్వాలి. ఇవేవీ ఈ ప్రోగ్రామ్‌లో లేవు."

"ఎందుకు లేవు? ఎక్కడిది ఈ ప్రోగ్రామ్?"

"జలాశయాల శాఖది. అధినేత మంత్రివర్గాన్ని మార్చేలోగా కావాలన్నారు కదా, కొత్తది రాసే వ్యవధి లేక వాళ్ళది తెచ్చి రంగు మార్చాను. అక్కడ రోజుకో అంకె రాస్తారు, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయని. రాసేవాడు వాళ్ళ మనిషే. అందుకని వాళ్ళు కొలతలూ పరీక్షలూ పెట్టుకోలేదు."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచన సాధారణంగా ఉపన్యాసం రూపంలోనే బయటికి వస్తుంది.

"అమ్మాయ్! జలాశయాల నీళ్ళను మోసినది ప్రజల కన్నీళ్ళను మోయలేదా?"

తథాస్తుగారు ఆ వాక్యాన్ని మరో సభ కోసం రాసుకున్నారు.

"మోయలేదు సార్," అంది ఇంజనీరమ్మ.

"ఏడుపుకు కూడా రేషన్ పెట్టారని ప్రతిపక్షం నన్ను ఏకిపారేస్తుంది. పోనీ ఒక పని చెయ్యి. 'దయచేసి క్లుప్తంగా రాయండి' అని పేజీ మీద ఒక ముక్క పెట్టు."

"అది తలుపు మీద బోర్డు సార్. వెనక గోడే లేదంటున్నాను నేను."

"వెనక నుంచి వచ్చేవాళ్ళంతా మనవాళ్ళేనమ్మా. వాళ్ళను కూడా ఆపితే ఇక పార్టీ ఎందుకు?"

ఇంజనీరమ్మ తథాస్తుగారివైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. మీకు అర్థమైందిగా?"

తథాస్తుగారికి అర్థమైంది. మంత్రిగారి కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి. ఆ కనుబొమలు అంతకంటే ఒక వెంట్రుకవాసి పైకి లేస్తే గోదాము తలుపులు తెరుచుకుంటాయి.

"మంత్రిగారు చెప్పిందే సబబు," అన్నారు.

"సరే. పొర్లినప్పుడు పిలవండి," అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

వాకిలి తెరుచుకుంది. మొదట పొర్లించిన ఘనత ఒక రిటైరైన హెడ్మాస్టరమ్మకు దక్కింది. ఆమె వీధిలో దీపం వెలగడం లేదు. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు కానీ, విషయాన్ని మొదటినుంచీ చెప్పకపోతే వినేవారికి బోధపడదన్నది ఆమె జీవితకాలపు అనుభవం. వీధి ఎలా ఏర్పడిందో, స్తంభం ఎవరి హయాములో పాతారో, దాని బల్బును ఎవరి కొడుకు ఏ రాయితో పగలగొట్టాడో, ఆ కొడుకు ఇప్పుడు ఏ ఉద్యోగం వెలగబెడుతున్నాడో సవిస్తరంగా రాసి, చివర ఇలా ముగించింది: "కావున వీధిదీపాల అధికారి ఆ దీపం వెలిగేంతవరకు ప్రతి సాయంత్రం సదరు స్తంభం కిందనే నిలబడి తన ఆఫీసు పని చేసుకోవలెను."

ఆ కొడుకు ఉద్యోగం దాకా ఫిర్యాదు గదిలో పట్టింది. మిగిలినది చెక్క అడ్డు దాటింది. ఉత్తర్వుల గదిలో పడ్డది ఏదైనా ఉత్తర్వే కనుక సర్వర్ దానికి సంఖ్య వేసి, ప్రభుత్వ ముద్ర కొట్టి, వీధిదీపాల అధికారికి పంపింది.

ఆయన దానిని ఎందుకు శిరసావహించాడని పాఠకులు అడగవచ్చు. ఆ శాఖ పనితీరు తెలిసినవారు అడగరు. ముద్ర ఉన్న కాగితం బల్ల మీదికి వస్తే ప్రతి అధికారీ దాని మీద రాసే వాక్యం ఒకటే: 'కింది స్థాయిలో పరిశీలించడమైనది.' అందరికంటే కింద ఉన్న గుమాస్తా మాత్రం 'పై నుంచి వచ్చినది' అని రాస్తాడు. ఈ రెండు వాక్యాల మధ్య ప్రభుత్వం అనే మహాయంత్రం ఏ ఒరిపిడీ లేకుండా తిరుగుతూ ఉంటుంది.

వీధిదీపాల అధికారి మూడు సాయంత్రాలు నిలబడి, ఆపైన తథాస్తుగారి దగ్గరికి వచ్చాడు. చెంపలు దద్దుర్లతో ఎర్రబడ్డాయి.

"అయ్యా, నన్ను స్తంభం కింద నిలబెట్టారు."

"ఎవరు?"

"తమరే. ఇదిగో ముద్ర."

తథాస్తుగారు ముద్ర చూశారు. ముద్ర అసలైనదే. "అయితే నిలబడండి."

"దోమలండీ."

"ఉత్తర్వులో దోమల ప్రస్తావన ఉందా?"

"లేదండీ."

"అయితే అది మన పరిధిలోకి రాదు."

అధికారి ఆ సాయంత్రమే తన చేతులతో తానే నిచ్చెన తెచ్చుకుని దీపం బిగించాడు. అంతకుముందు అందుకు అవసరమైన సామగ్రి మంజూరు కావడం లేదని ఆయన అనేకసార్లు తెలియజేసి ఉన్నాడు. పత్రికలు దీపం బొమ్మ, దాని పక్కన మంత్రిగారి బొమ్మ వేశాయి. మంత్రిగారి బొమ్మ కాస్త పెద్దది.

"చూశావయ్యా! ఆ పిల్ల మాట విని కొలత పెట్టి ఉంటే ఈ వెలుగు వచ్చేదా?" అన్నారు మంత్రిగారు పత్రిక ఊపుతూ.

"వచ్చేది కాదు సార్," అన్నారు తథాస్తుగారు. ఆ మాట నిజమే కావడం ఆయనను మరింత కలవరపెట్టింది.

క్లుప్తంగా రాసిన పొరుగువారి ఫిర్యాదులు కదలకపోవడం చూసి హెడ్మాస్టరమ్మ కిటుకు గ్రహించింది. దాన్ని దాచుకునే మనిషి కాదు. పాఠం చెప్పడం అలవాటైన ప్రాణం. "పొడుగ్గా రాయండి. కావలసినది చివర్లో అడగండి," అని వీధిలో అందరికీ చెప్పింది. వీధి ఊరికి చెప్పింది.

పొడుగ్గా రాయడానికి అందరికీ అంత బాధ ఉండదు కదా. ఉన్న బాధకు తోడుగా జనం దగ్గు మందు సీసాతో వచ్చే కాగితాన్ని, బస్సుల రాకపోకల పట్టికను, బట్టలుతికే యంత్రాన్ని వాడవలసిన విధానాన్ని పెట్టెలో దించసాగారు. ఒక విద్యార్థి తాను తప్పిన చరిత్ర పరీక్ష జవాబులను అనేకసార్లు అతికించాడు. ఆ జవాబులకు ఫలితం దక్కడం అదే మొదలు. ఏది రాసినా పెట్టె ఇది ఫిర్యాదేనా అని అడగలేదు. అడగకూడదని మంత్రిగారే సెలవిచ్చి ఉన్నారు.

ఉత్తర్వులు కుప్పలుగా వెలువడ్డాయి. సర్వే ఆఫీసు సిబ్బంది భోజనానికి వెళ్ళిన తరవాత తిరిగి రావలెను. లెక్కల పరీక్ష నేను చదవడం పూర్తయ్యేదాకా వాయిదా వేయవలెను. ఎదురింటి డాబా మీద వయొలిన్ సాధన ఎదురింటివారు ఊళ్ళో లేనప్పుడు మాత్రమే జరగవలెను. మా ముందుగదిలో మకాం వేసిన మా బావమరిదిని సగౌరవంగా వాళ్ళ ఊరి బస్సు ఎక్కించవలెను. నా తోడల్లుడి కంటే నేనే పొడుగని ప్రభుత్వం గుర్తించవలెను.

ప్రభుత్వం గుర్తించింది. ఇద్దరిని నిలబెట్టి కొలవవలసిన అవసరం ఏ స్థాయిలోనూ కనబడలేదు.

తథాస్తుగారి ఇంట్లో కూడా ఈ విషయం చర్చకు వచ్చింది.

"ఏవండీ, మీ వాకిల్లో పొడుగ్గా రాస్తే ఏదైనా అయిపోతుందట కదా?" అంది భార్య బట్టలు మడతపెడుతూ.

"ఎవరన్నారు? అలాంటిదేం లేదు."

"పక్కింటావిడ మరిదికి ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. కేకు చేయడం ఎలాగో అంతా రాసి చివర్న ఒక్క ముక్క పెట్టిందట."

"యాదృచ్ఛికం అయ్యుంటుంది."

"ఆ ఇంజనీరు పిల్ల చెప్పింది ఆయనకు ఇంకోసారి చెప్పి చూడరాదూ? రేపు ఎవడైనా తిక్కలోడు ఏదైనా రాశాడంటే ముందు మీ మంత్రి మునుగుతాడు. వెనకాలే మనం."

"చెబితే కోపం వస్తుంది."

"వస్తే?"

"గోదాము."

ఆమె ఒకసారి దగ్గింది. ఆ దగ్గు నిజమైనదో, వాదనలో భాగమో తథాస్తుగారు తేల్చుకోలేకపోయారు.

అధినేత నుంచి కబురు వచ్చింది. 'విశ్వాస వాకిలి' విజయోత్సవానికి తామే వస్తామని, మంత్రివర్గం సంగతి అక్కడే తేలుస్తామని. మంత్రిగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆ ఉత్సాహంలో ఆయనకొక ఆలోచన తట్టింది. సభలో తాము మంత్రిగా మాట్లాడరు. ఒక సామాన్య పౌరుడిగా తమ హృదయాన్ని పెట్టెలోనే ఆవిష్కరిస్తారు. ఆయన చెబుతుంటే టైపిస్టు ఎక్కిస్తుంటాడు. అది పెద్ద తెర మీద జనానికి కనిపిస్తుంటుంది.

తథాస్తుగారి తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ ఉపన్యాసాన్ని ఆయన అరచేతిలో పట్టేంతగా కుదించి రాశారు.

"ఏమయ్యా, ఇది ఉపన్యాసమా, మందుల చీటీయా?"

"క్లుప్తంగా ఉంటే గంభీరంగా ఉంటుంది సార్."

"అధినేత ముందు గంభీరంగా ఉంటే బాగోదు. కరిగిపోవాలి. సరే, నేను చూసుకుంటాలే."

'నేను చూసుకుంటా' అన్న ఆ మాట విన్నాక తథాస్తుగారికి అన్నం సయించలేదు.

సభ కిటకిటలాడింది. అధినేత మొదటి వరుసలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. మంత్రిగారి కుర్చీని పేషీ నుంచి మోసుకొచ్చి వేదిక నడుమ వేశారు. మంత్రిగారు కాగితంలో ఉన్నది చదివేశారు. పెట్టెలో ఇంకా చోటు ఉంది. తథాస్తుగారు ఊపిరి పీల్చుకున్నారు. మంత్రిగారు కాగితం మడిచి జేబులో పెట్టి మొదలుపెట్టారు.

తమ బాల్యం చెప్పారు. తాము ఎక్కిన మెట్లు, తమను తొక్కినవారు, వారిని తాము క్షమించిన తీరు చెప్పారు. టైపిస్టు వేళ్ళు పరుగెత్తుతున్నాయి. తెర మీద పెట్టె అంచుల దాకా నిండింది. తెర చాటు నుంచి తథాస్తుగారు చాలని చెయ్యి ఊపారు. మంత్రిగారికి అది బ్రహ్మాండమన్నట్టు కనిపించింది. తథాస్తుగారు చేతిని కత్తిలా చేసి గొంతుకు అడ్డంగా గీసుకున్నారు. తమ మాటలు అతని గుండెను కోస్తున్నాయని మంత్రిగారు గ్రహించి, స్వరం ఇంకా పెంచారు.

"ఈ కుర్చీ చూశారా? ఇందులో నేను లేను! ఈ క్షణమే నేను దిగిపోతున్నాను. ఇకమీదట ఈ కుర్చీలో ప్రజల విశ్వాసం కూర్చుంటుంది. ఈ శాఖకు అదే మంత్రి! నా కార్యదర్శి దాని మాటే వింటాడు, దాని మాటే మీకు చెబుతాడు!"

చప్పట్లు మిన్నుముట్టాయి. వేదిక పక్కన ప్రింటరు చిన్నగా మూలిగి ఒక కాగితాన్ని బయటపెట్టింది.

ఉత్తర్వుల సెక్షన్ అధికారి దానిని అందుకుని, ముద్ర చూసి, రాయవలసిన వాక్యం రాసి, నేరుగా అధినేత చేతికిచ్చాడు. అధినేత చదివారు.

"ఇది పరిశీలించారా?"

"కింది స్థాయిలో అయిందండీ."

అధినేత కాసేపు ఆలోచనలో పడ్డారు. ఈ కొత్త మంత్రికి అల్లుళ్ళు లేరు. ముఠా లేదు. విదేశీ పర్యటనలు కోరదు. రేపు తన కుర్చీకి ఎసరు పెట్టదు. ఆయన ముఖం మెల్లగా వికసించింది. వేదిక ఎక్కి మంత్రిగారిని కౌగిలించుకున్నారు.

"ఇంత త్యాగం నేను ఎక్కడా చూడలేదు!"

"అబ్బే, అది ఉపన్యాసమండీ. అలా ఊపులో..."

"మీ మాటను నేను పరిశీలించను. నమ్ముతాను."

ఫొటోలు తీశారు. మాజీ మంత్రిగారు ఆ ఫొటోలో నవ్వుతున్నట్టే ఉన్నారు.

తథాస్తుగారి ముక్కుకు పాత కాగితాల వాసన తగిలింది. ఉత్తర్వు ప్రతిని తీసుకుని చదువుకున్నారు. మళ్ళీ చదివారు. కుర్చీ దిగినది మంత్రిగారు ఒక్కరే. కార్యదర్శి యథాస్థానంలో ఉన్నాడు. ఇంతకుముందు కంటే భద్రంగా ఉన్నాడు.

మర్నాడు పేషీ తలుపు మీద బోర్డు మారింది: 'ప్రజల విశ్వాసం, మంత్రి.' పని యథావిధిగా సాగింది. ఫైళ్ళు లోపలికి వెళ్ళేవి. ఖాళీ కుర్చీ ముందు బల్ల మీద కాసేపు ఉండేవి. బయటికి వచ్చేవి. "చూశారు," అనేవారు తథాస్తుగారు. లోపల ఏసీ ఎప్పుడూ వేసి ఉంచేవారు. కొత్త మంత్రి వచ్చాక ఫైళ్ళు తొందరగా కదులుతున్నాయని సిబ్బంది చెప్పుకున్నారు. ఒక్క ఫైలు కూడా తిట్టుతో తిరిగి రాకపోవడం వారిని కదిలించింది.

"కొత్త మంత్రి ఎలాంటివాడండీ? కోపిష్ఠా?" అంది భార్య.

"ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు."

"గోదాము లేనట్టేనా?"

"లేనట్టే."

ఆమె హాయిగా, దీర్ఘంగా ఊపిరి పీల్చి వదిలింది. మధ్యలో దగ్గు రాలేదు.

కొద్దిరోజులకు మాజీ మంత్రిగారు పేషీకి వచ్చారు. అపాయింట్‌మెంట్ ఉందా అని బంట్రోతు అడిగాడు. ఆ బంట్రోతును ఆ ఉద్యోగంలో వేసింది ఆయనే కావడం వల్ల ఆ ప్రశ్న ఆయనకు మరింత గుచ్చుకుంది.

"ఏమయ్యా, ఈ తమాషా ఎంతకాలం? నువ్వు లోపలికెళ్ళి ఏదో ఒకటి చూడు," అన్నారు తథాస్తుగారితో.

తథాస్తుగారు లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. తెరుచుకుంది.

"వాకిలి ద్వారా రమ్మన్నారండీ."

"ఎవరు రమ్మన్నారు? లోపల ఎవరూ లేరు కదయ్యా!"

"అలా అనకండి. వినిపిస్తుంది."

మాజీ మంత్రిగారి ముఖం జేవురించింది. "ఓహో! అలాగా! సరే, వాకిలి ద్వారానే వస్తా. పొడుగ్గా రాస్తా. ఎంత పొడుగ్గా రాస్తానో ఈ లోకం చూస్తుంది. చివరి వాక్యం ఏమిటో నీకు చెప్పక్కర్లేదనుకుంటా. నువ్వెక్కడుంటావో కూడా అందులోనే ఉంటుంది!"

ఆయన విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయారు. తథాస్తుగారు తన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ దాని చేతుల మీద ఆనించి, ఆ చెక్క నునుపును కాసేపు అనుభవించారు. ఆపైన ఇంజనీరమ్మకు ఫోన్ చేశారు.

ఆమె వచ్చింది. "పొర్లిందా?"

"పెట్టెకు కొలత పెట్టాలమ్మా. వెంటనే."

"ప్రజల బాధకా?"

"ప్రజల బాధను మితిమీరి పంచుకోవడం వల్ల విశ్వాసం వారు బాగా అలిసిపోతున్నారు."

ఇంజనీరమ్మ ఆయనవైపు, మూసి ఉన్న తలుపువైపు చూసింది. "వారి అనుమతి కావాలి కదండీ?"

"ఉండండి, కనుక్కొస్తాను."

ఆయన లోపలికి వెళ్ళి వచ్చారు. "సరేనన్నారు."

"బోర్డు పెట్టమంటారా, గోడ కట్టమంటారా?"

"గోడే. వెనకవైపు. మనవాళ్ళయినా, ఎవరైనా దాటకుండా."

"కొలత మించింది వెనక్కి పంపనా? అలా పంపి, కుదించి రాయమని చెప్పడం పద్ధతి."

"వద్దమ్మా. మించినదంతా అక్కడికక్కడే తుంచి పారేయండి. వెనక్కి పంపితే మళ్ళీ రాస్తారు."

ఆమె బల్ల మీద తన కంప్యూటర్ తెరిచి ఏదో రాసి మూసింది. బంట్రోతు ఆమె కోసం తెస్తున్న మంచినీళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి.

"ఇంతేనా?" అన్నారు తథాస్తుగారు.

"ఇంతే. మొదటి రోజు కూడా ఇంతే."

మాజీ మంత్రిగారి ఫిర్యాదు మర్నాడు వచ్చింది. అది నిజంగానే మహత్తర రచన. అయితే సుదీర్ఘ ప్రజాజీవితంలో ఏ ప్రసంగాన్నైనా కృతజ్ఞతలతో మొదలుపెట్టడం ఆయనకు అలవాటు. 'విశ్వాస వాకిలి' వంటి అపురూప వ్యవస్థను ప్రసాదించిన అధినేతకు, దానిని కంటికి రెప్పలా కాపాడుతున్న శాఖకు, రేయింబవళ్ళు శ్రమిస్తున్న సిబ్బందికి, తనకు అన్నివిధాలా అండగా నిలిచిన కార్యదర్శికి, ప్రజల విశ్వాసమే మంత్రిగా వెలుగొందుతున్న ఈ శుభసమయానికి ఆయన వందనాలు సమర్పించారు. ఆ పైన 'అయినప్పటికీ' అనే మాట రాశారు.

గోడ సరిగ్గా దాని ముందు వచ్చింది.

లోపలికి చేరిన భాగాన్ని చదివిన గుమాస్తా దానిని ప్రశంసల కింద చేర్చాడు. పై అధికారి రాయవలసిన వాక్యం రాశాడు. సాయంత్రం పత్రికలు 'కొత్త మంత్రికి మాజీ మంత్రి మనసారా అభినందన' అని ప్రకటించాయి.

తథాస్తుగారు ఆ కాగితాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళారు. కుర్చీకి ఎదురుగా, గౌరవప్రదమైన దూరంలో నిలబడి, మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. చదివాక మర్యాద కోసం కొంతసేపు ఆగారు. బయటికి వచ్చి తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.

"ఏమన్నారండీ?" అన్నాడు బంట్రోతు.

"సంతోషించారు."